ఇంటర్ తర్వాత అమెరికా: ఏ కాలేజీలకు అప్లై చేయాలి, ఏవి వదిలేయాలి

అమెరికాలో బ్యాచిలర్స్ చేయాలనుకునే ఇంటర్ పిల్లలు కాలేజీల లిస్టు రాసుకునే తీరు దాదాపు అన్ని ఇళ్లలో ఒకటే. యూఎస్ న్యూస్ ర్యాంకింగ్ తెరుస్తారు. పైనుంచి ఓ పది, మధ్యలోంచి ఓ అయిదు, "ఇవి ఎలాగూ వస్తాయి" అనుకునేవి ఓ మూడు రాసుకుంటారు. ఎమ్మెస్‌కి వెళ్లిన అన్నలూ అక్కలూ అలాగే చేశారు కదా అని ధైర్యం. కానీ ఎమ్మెస్ లెక్క వేరు. అది రెండేళ్ల ఖర్చు, లోను తీసుకుని వెళ్లి ఓపీటీలో (చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ఉద్యోగం చేసి తీర్చుకునే బాపతు. బ్యాచిలర్స్ నాలుగేళ్లు.

పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 80 వేల నుంచి 90 వేల డాలర్లు అవుతోంది. మన డబ్బుల్లో 70 లక్షల పైమాటే. నాలుగేళ్లకు మూడు కోట్లు. అంత పెట్టుకోగలిగినవాళ్లు ర్యాంకింగ్ చూసుకుని అప్లై చేసుకోవచ్చు, వాళ్లకి ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు. మిగతావాళ్లు కాలేజీలను ముందుగా ఒకే ప్రశ్నతో వేరు చేసుకోవాలి: విదేశీ విద్యార్థికి ఇది డబ్బిస్తుందా, ఇస్తే ఏ పద్ధతిలో ఇస్తుంది? ర్యాంకు, ఊరు, చలి, ఇండియన్ స్టోర్ ఎంత దూరం అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

దానికంటే ముందు ఇంట్లో ఒక అంకె తేలాలి. పొలం అమ్మకుండా, ప్లాటు తాకట్టు పెట్టకుండా ఏడాదికి ఎంత కట్టగలం? "ఎలాగోలా చూద్దాంలే" అంటే కుదరదు. అయిదు లక్షలా, పదిహేనా, ముప్ఫయ్యా అన్నదాన్ని బట్టి లిస్టు మొత్తం మారిపోతుంది.

డబ్బు సంగతి చూడకుండా సీటిచ్చేవి

నీడ్-బ్లైండ్ అనే మాట మీరు వినే ఉంటారు. మీకు సాయం కావాలా వద్దా అన్నది పక్కనపెట్టి సీటు నిర్ణయించడం. అమెరికన్ పిల్లల విషయంలో ఇలా చేసే కాలేజీలు బోలెడు. విదేశీ పిల్లలకూ ఇదే పద్ధతి పాటించి, సీటిచ్చాక ఇంటి స్తోమతు లెక్కగట్టి మిగతాదంతా తామే భరించేవి మాత్రం చాలా తక్కువ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగా ఈ పద్ధతిలో ఉన్నాయి. 2022లో డార్ట్‌మౌత్, బౌడిన్ వచ్చి చేరాయి. 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ కూడా. స్టాన్‌ఫర్డ్ ఇందులో లేదన్నది చాలామందికి తెలియదు. అక్కడ విదేశీ విద్యార్థి ఎయిడ్ (ఖర్చులో సాయం) అడిగితే ఆ సంగతి సీటు నిర్ణయంలో లెక్కకొస్తుంది. కాలేజీ వెబ్‌సైట్లో "నీడ్-బ్లైండ్" అని కనిపించగానే సంబరపడకుండా, అది విదేశీయులకు కూడానా అని ఆ కింది పేరా చదవాలి. క్వెస్ట్‌బ్రిడ్జ్ అనే స్కాలర్‌షిప్ పథకం గురించి వీడియోలు చూసి ఆశ పెట్టుకునే పిల్లలూ ఉన్నారు. ఇండియాలో ఇంటర్ చదివే మన పిల్లలకు అది వర్తించదు.

ఈ కాలేజీల్లో సీటు వస్తే ఏడాదికి అయిదారు లక్షల ఆదాయం ఉన్న ఇంటికి ఖర్చు దాదాపు ఉండదు. రావడమే కష్టం. ఎంఐటీలో విదేశీ దరఖాస్తుల్లో నూటికి ఇద్దరి దాకానే తీసుకుంటారు. కాబట్టి వీటిల్లో రెండో మూడో చాలు. ఎనిమిదింటికీ వేస్తే ఎక్కడో ఒకచోట తగులుతుందన్న లెక్క పనిచేయదు, ఎందుకంటే అన్ని చోట్లా చూసేది అదే ఫైలు. ఒలింపియాడ్ క్యాంపు దాకా వెళ్లినవాళ్లో, ఏదైనా ఒక పనిని ఏళ్ల తరబడి పట్టుకుని చేసినవాళ్లో అయితే నాలుగు వేయండి.

రెండు చిన్న తేడాలు చెప్పాలి. హార్వర్డ్, యేల్, డార్ట్‌మౌత్, బ్రౌన్, ఎంఐటీ మళ్లీ ఎస్ఏటీ లాంటి ప్రవేశ పరీక్షల స్కోర్లు అడుగుతున్నాయి. బౌడిన్ 1969 నుంచీ ఎస్ఏటీ తప్పనిసరి కాదంటోంది. జేఈఈ చదివే పిల్లలకు ఎస్ఏటీ లెక్కలు నల్లేరు మీద నడక, రీడింగ్ దగ్గరే దెబ్బ పడుతుంది. రీడింగ్ స్కోరు ఎంతకీ కదలకపోతే బౌడిన్ లాంటిది ఒకటి లిస్టులో ఉండటం మంచిది. ఇక ఎంఐటీ ఇద్దరు టీచర్ల సిఫారసు ఉత్తరాలు అడుగుతుంది: ఒకరు లెక్కలు లేదా సైన్స్, ఇంకొకరు భాష లేదా సాంఘిక శాస్త్రం వైపు. ఎంపీసీలో ఆ రెండో మనిషి ఇంగ్లిష్ లెక్చరరో, సంస్కృతం సారో అవుతారు. వారానికి రెండు క్లాసులు కూడా సరిగా జరగని సబ్జెక్టులో ఉత్తరం రాయమని ఎవరిని అడుగుతారు? ఆ సంగతి ఫస్టియర్‌లోనే ఆలోచించుకోవాలి.

అసలు లిస్టు ఇక్కడే తయారవుతుంది

ఏడాదికి ఎనిమిది నుంచి ముప్ఫయి లక్షల దాకా కట్టగలిగే ఇళ్లకు నా లెక్కలో ముఖ్యమైనవి నీడ్-అవేర్ కాలేజీలు. వీళ్లు సీటు నిర్ణయించేటప్పుడు మీరెంత సాయం అడుగుతున్నారో చూస్తారు. చూసినా, ఇవ్వదలచుకున్నవాళ్లకు గట్టిగానే ఇస్తారు. గ్రినెల్, స్వార్త్‌మోర్, విలియమ్స్, వాసర్, మాకలెస్టర్, లాఫాయెట్, స్మిత్, మౌంట్ హోలియోక్ అన్నీ ఈ కోవలోవే. డ్యూక్, కార్నెల్, కొలంబియా లాంటి పెద్ద పేర్లూ ఇందులోకే వస్తాయి గానీ వాటికి తోపులాట ఎక్కువ.

ఇక్కడ ఇంటి అంకెకు విలువ వస్తుంది. అన్ని విధాలా ఒకేలా ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు 75 వేల డాలర్లు, ఇంకొకరు 50 వేల డాలర్లు అడిగితే రెండోవాళ్ల వైపు మొగ్గుతారు. అలాగని లేని డబ్బు ఉన్నట్టు రాయకూడదు. సీటొచ్చాక ఆ డబ్బు ఏటా కట్టాల్సింది మీరే.

ఏ కాలేజీ ఎంతమందికి ఇస్తుందో కన్సల్టెన్సీని అడగక్కర్లేదు. చాలా అమెరికన్ కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం బయట పెడతాయి. కాలేజీ పేరు, ఆ మాట కలిపి గూగుల్‌లో కొడితే పీడీఎఫ్ వస్తుంది. అందులో హెచ్6 అనే భాగం పూర్తిగా విదేశీ విద్యార్థుల ఎయిడ్ గురించే: ఎంతమందికి ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు. ముందు పేజీల్లో బీ2 పట్టికలో మొత్తం విదేశీ విద్యార్థులెందరో ఉంటుంది. ఊరికే ఒక ఉదాహరణ: బీ2లో 300 మంది ఉన్నారు, హెచ్6లో 240 మందికి సగటున 60 వేల డాలర్లని ఉందనుకుందాం. అంటే అయిదుగురిలో నలుగురికి ఇస్తున్నారు, ఇచ్చేది పెద్ద మొత్తమే. ఇంకో కాలేజీలో 3,000 మంది విదేశీయులుండి 250 మందికి సగటున 12 వేల డాలర్లు ఇస్తుంటే, వాళ్లకు విదేశీ విద్యార్థులంటే ఆదాయ మార్గం. రెండోదాని ర్యాంకు ఎంత పైన ఉన్నా మీ లిస్టులోంచి కొట్టేయండి. ఒక ఆదివారం కూర్చుంటే ఓ ఇరవై కాలేజీల అంకెలు ఎక్సెల్‌లోకి ఎక్కించేయొచ్చు. ఏ ర్యాంకింగ్ కంటే కూడా ఆ షీటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

అదే పత్రంలో సీ7 కూడా చూడండి. మార్కులు, వ్యాసాలు, సిఫారసులు, కాలేజీ మీద మీకున్న ఆసక్తి, వీటిలో దేనికెంత ప్రాధాన్యం ఇస్తారో అందులో టిక్కులు పెట్టి ఉంటాయి. ఆసక్తికి విలువిచ్చే చోట వాళ్ల ఆన్‌లైన్ సెషన్లకు హాజరవడం, మెయిల్‌కు జవాబివ్వడం కూడా లెక్కలోకి వస్తాయి. సీ21లో ఎర్లీ డెసిషన్‌లో ఎంతమంది వేస్తే ఎంతమందికి వచ్చిందో ఉంటుంది.

ఎర్లీ డెసిషన్ అంటే వస్తే తప్పక చేరతామని ముందే మాటిచ్చి వేసే దరఖాస్తు. ఒక్క కాలేజీకే వేయాలి, గడువు సాధారణంగా నవంబరు మొదటి పక్షం, ఫలితం డిసెంబరు మధ్యలో. ఎయిడ్ అడిగేవాళ్లు దీన్ని వాడుకోకూడదని కొందరు భయపెడతారు. నేను ఒప్పుకోను. నీడ్-అవేర్ కాలేజీలో విదేశీ పిల్లలకు కేటాయించిన డబ్బులో మంచి వాటా ఆ మొదటి విడతలోనే ఖర్చయిపోతుంది. ఇచ్చిన ఎయిడ్ నిజంగా చాలకపోతే ఒప్పందం నుంచి బయటపడే వీలుంది. అందుకే ఎర్లీ డెసిషన్‌ను హార్వర్డ్ స్థాయి కలల మీద ఖర్చు పెట్టకుండా, హెచ్6 బాగున్న ఒక నీడ్-అవేర్ కాలేజీ మీద పెట్టడమే తెలివైన పని. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో ముందు విడత ఎలాగూ ఈ రకం ఒప్పందం కాదు.

ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. "ఎయిడ్ వద్దని టిక్ చేయండి, సీటొచ్చాక అడుగుదాం" అనే సలహా మన ఊళ్లలో బాగా తిరుగుతోంది. చాలా కాలేజీల్లో విదేశీ విద్యార్థి దరఖాస్తులో ఎయిడ్ వద్దంటే తర్వాత నాలుగేళ్లూ అడిగే అర్హత ఉండదు. మొదటి ఏడాది అప్పు చేసి కట్టి, రెండో ఏడాది వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇంకోటి కాగితాల సంగతి. ఎయిడ్ కోసం చాలాచోట్ల సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. జీతం, వ్యాపారం, సొంతిల్లు, ఇంకో ఫ్లాటు, ఖాళీ ప్లాటు, పొలం అన్నీ అడుగుతుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రైతు ఇళ్లలో ఐటీఆర్ ఉండదు. అప్పుడు ఆ విషయం రాసి, మీసేవ ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేస్తే సరిపోతుంది. అయితే మన దగ్గర ఆ సర్టిఫికెట్ రేషన్ కార్డు లెక్కతో లక్షన్నరకు తీసుకునే అలవాటు ఉంది కదా. స్టేట్‌మెంట్లో నెలకు లక్ష జమ అవుతూ సర్టిఫికెట్‌లో ఏడాదికి లక్షన్నర ఉంటే ఆ ఫైలు అక్కడితో ఆగిపోతుంది. రెండూ ఒకే మాట చెప్పాలి.

"ఆ కాలేజీ పేరెప్పుడూ వినలేదే"

గ్రినెల్ అనగానే ఇంట్లో వచ్చే మొదటి మాట ఇదే. అయోవాలో మొక్కజొన్న పొలాల మధ్య ఓ చిన్న ఊరు. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ 1949లో డిగ్రీ చదివి బయటికొచ్చింది అక్కడినుంచే. ఇలాంటి చిన్న కాలేజీలను లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. ఆ పేరు వినగానే బొమ్మలు, సంగీతం అనుకుంటారు. కంప్యూటర్ సైన్స్, లెక్కలు, ఫిజిక్స్ అన్నీ ఉంటాయి. పీజీ విద్యార్థులు ఉండరు లేదా బాగా తక్కువ కాబట్టి ప్రొఫెసర్ ల్యాబ్‌లో పని రెండో ఏడాదే దొరుకుతుంది. తర్వాత ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో వెళ్లేవాళ్లకు ఇది పెద్ద లాభం. కచ్చితంగా ఇంజనీరింగ్ డిగ్రీయే కావాలంటే స్వార్త్‌మోర్, లాఫాయెట్, స్మిత్‌లలో ఉంది. స్మిత్, మౌంట్ హోలియోక్ ఆడపిల్లల కాలేజీలు. అమ్మాయిలున్న ఇళ్లు వీటిని పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. ఎయిడ్ బాగా ఇస్తారు, పోటీ పెద్ద పేర్లంత ఉండదు.

కొరత లేదని కాదు. సీఎస్‌లో కోర్సుల వరస పెద్ద యూనివర్సిటీలంత పొడవుండదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలూ తక్కువే, ఇంటర్న్‌షిప్ కోసం పిల్లలే బయటపడి వెతుక్కోవాలి. శీతాకాలం సంగతి చెప్పక్కర్లేదు.

మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మారే స్వేచ్ఛ విషయంలో మాత్రం ఈ చిన్న కాలేజీలదే పైచేయి. మన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి సీఎస్‌యే కావాలి. స్టేట్ యూనివర్సిటీల్లో అక్కడే చిక్కు. అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో సీఎస్ సీటు రాక వేరే మేజర్‌లో చేరి తర్వాత మారదామంటే దాదాపు కుదరని పని. పర్డ్యూలో ఇంజనీరింగ్ పిల్లలందరూ మొదటి ఏడాది ఒకేచోట చదివి తర్వాత బ్రాంచి ఎంచుకుంటారు, కానీ సీఎస్ ఉండేది సైన్స్ కాలేజీలో, దాని లెక్క వేరు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సాధారణంగా రెండో ఏడాది చివర్లో మేజర్ ప్రకటిస్తారు.

ఎకనామిక్స్ వైపు చూసేవాళ్లకు ఒక్క మాట. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే 12 నెలల ఓపీటీకి ఇంకో 24 నెలలు కలుస్తాయి. చాలా కాలేజీలు తమ ఎకనామిక్స్‌ను క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ కిందికి మార్చుకున్నాయి, ఆ కోడ్‌కి స్టెమ్ హోదా ఉంది. ఒకే సబ్జెక్టు ఒక కాలేజీలో మూడేళ్లు, పక్క కాలేజీలో ఒక్క ఏడాది. అప్లై చేసే ముందే ఆ కోడ్ అడిగి తెలుసుకోండి.

ఏడాదికి ముప్ఫయి లక్షలు కట్టగలిగే ఇల్లు

అన్నిటికంటే ఇబ్బంది మధ్యలో ఉన్నవాళ్లకే. హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగాలు, ఫ్లాటు ఈఎంఐ, ఏడాదికి 25 నుంచి 30 లక్షలు తీయగలరు. పూర్తి ఫీజు కట్టలేరు, పేదవాళ్లూ కారు. వీళ్లకు నీడ్-అవేర్ కాలేజీలు బాగా పనికొస్తాయి, ఎందుకంటే 30 వేల డాలర్లు కట్టగలిగిన విదేశీ విద్యార్థి వాళ్లకు భారం కాదు. రెండో దారి స్టేట్ యూనివర్సిటీలు. పర్డ్యూ 2013 నుంచి ట్యూషన్ ఫీజును దాదాపు అక్కడే ఆపింది. విదేశీ విద్యార్థికి అన్నీ కలిపి 45 వేల నుంచి 50 వేల డాలర్లు. టెక్సాస్‌లో ఒక మంచి నిబంధన ఉంది: స్టేట్ యూనివర్సిటీలో పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే బయటివాళ్ల ఫీజు బదులు టెక్సాస్ పిల్లల ఫీజే కట్టే వీలు దొరుకుతుంది. అందుకే యూటీ డాలస్ లాంటి చోట మెరిట్ స్కాలర్‌షిప్ మొత్తం చిన్నదిగా కనిపించినా అసలు తగ్గేది చాలా ఎక్కువ. చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్లే కాబట్టి అమ్మానాన్నల టెన్షన్ కూడా కాస్త తగ్గుతుంది.

యూసీలను, అంటే బర్కిలీ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లను, ఈ ఇళ్లు వదిలేయడమే మేలు. విదేశీ విద్యార్థికి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం అక్కడ లేదు. బర్కిలీ పేరు చూసి దరఖాస్తు ఫీజు వదిలించుకోవడం తప్ప ఉపయోగం ఉండదు. పూర్తి ఫీజు కట్టగలిగితే మాత్రం యూసీలు మన పిల్లలకు అనుకూలమే: సిఫారసు ఉత్తరాలు అడగరు, ఎస్ఏటీ చూడనే చూడరు.

పేరు తెలియని ప్రైవేటు యూనివర్సిటీ ఏడాదికి 15 వేల డాలర్ల "ప్రెసిడెన్షియల్ స్కాలర్‌షిప్" ఇచ్చి మిగతా 40 వేలు కట్టమంటే, అది స్కాలర్‌షిప్ కింద లెక్క కాదు, రేటులో తగ్గింపు. దానికోసం కోటిన్నర అప్పు చేసేకంటే ఇక్కడ బీటెక్ చేసి ఎమ్మెస్‌కి వెళ్లడం ఎంతో నయం. ఉచితంగా గైడెన్స్ ఇచ్చే కన్సల్టెన్సీల్లో చాలావాటికి కమిషన్ వచ్చేది ఇలాంటి చోట్ల నుంచే. వాళ్ల లిస్టులో ఆమ్‌హర్స్ట్, గ్రినెల్ ఎందుకుండవో అర్థమవుతుంది.

అమెరికా బయట రెండు చోట్ల మన పిల్లల జేఈఈ కష్టం వృథా పోదు. జర్మనీలో మామూలుగా పన్నెండో తరగతితో నేరుగా చేర్చుకోరు, కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసైనవాళ్లకు ఇంజనీరింగ్, సైన్స్ కోర్సుల్లోకి దారి ఉంది. బ్యాచిలర్స్ ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటాయన్నది మర్చిపోవద్దు. సింగపూర్‌లో ఎన్‌యూఎస్, ఎన్‌టీయూ యూనివర్సిటీల ఫీజులో ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటే చదువయ్యాక మూడేళ్లు సింగపూర్ కంపెనీలో పనిచేయాలి. అది శిక్షేం కాదు.

ఎన్నింటికి వేయాలి

ఒకే ఫారంతో చాలా కాలేజీలకు దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో 20 దాకా వేయొచ్చు. జనవరిలో జేఈఈ మెయిన్ పెట్టుకుని, ప్రతి కాలేజీకీ వేరు వ్యాసాలు రాస్తూ ఇరవై వేస్తే అన్నీ చెడతాయి. ఎనిమిది నుంచి పది చాలు. ఎయిడ్ కావాల్సిన ఇల్లయితే రెండు నీడ్-బ్లైండ్, అయిదారు నీడ్-అవేర్, ఒకటో రెండో మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చేవి. పది దరఖాస్తులకు ఒక్కోదానికి 75, 80 డాలర్లు అంటే భారమే, కానీ కొన్ని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఫీజే తీసుకోవు, కొన్ని అడిగితే మాఫీ చేస్తాయి. మొహమాటపడకుండా మెయిల్ పెట్టండి.

ఈ లిస్టులో "సేఫ్" అనే గడి ఖాళీగా వదిలానని గమనించే ఉంటారు. ఎయిడ్ మీద ఆధారపడే విదేశీ విద్యార్థికి అమెరికాలో సేఫ్ కాలేజీ ఉండదు. సీటు సేఫ్ కావచ్చు, డబ్బు కాదు. ఆ గడిలో రాయాల్సింది ఈఏపీసెట్‌తో వచ్చే సీటునో, జేఈఈతో వచ్చే ఎన్ఐటీనో. అమెరికా ఫలితాలు మార్చి ఆఖరుకల్లా వచ్చేస్తాయి, మే 1 లోపు మాట చెప్పాలి. మన కౌన్సెలింగ్‌లు ఆ తర్వాతే కాబట్టి రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

రెండు మూడు చోట్ల సీటొస్తే ఉత్తరంలో పైన రాసిన పెద్ద అంకెను పోల్చకండి. గ్రాంటు ఎంత, తిరిగి కట్టాల్సిన లోను ఎంత, క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకోవాల్సింది ఎంత అన్నది విడదీయండి. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. హెల్త్ ఇన్సూరెన్స్, విమానం టికెట్లు ఒక కాలేజీ లెక్కలో ఉంటాయి, ఇంకో కాలేజీ లెక్కలో ఉండవు. తర్వాత ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టి ఒక్కటే అడగండి: ఏటా ఫీజు పెరిగితే మీరిచ్చే గ్రాంటు కూడా పెరుగుతుందా, లేక ఆ పెరిగినదంతా మేమే కట్టుకోవాలా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్తే సరిపోదు.